రెండు తాటిచెట్లు ఒకటయ్యే చోటు

మా అన్నయ్యంటే నాకు కుళ్ళు. యాభై దాటిన మనిషి ఈ మాట రాయడానికి సిగ్గుపడాలి. నాకు సిగ్గు రావడం లేదు. ఆయన ఐదో తరగతితో బడి ఎగ్గొట్టి పడవెక్కిన మనిషి. నేను రాజాంలో సోషల్ మాస్టర్ని. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి అక్షాంశాలూ రేఖాంశాలూ చెబుతున్నాను. ప్రపంచపటం ముందు నిలబెట్టి ఏ దేశం పేరు చెప్పినా తడుముకోకుండా వేలు పెడతాను. అయినా కుళ్ళే. ఎందుకంటే మా నాన్న ఆయనకి ఒక చోటు ఇచ్చాడు, నాకు ఇవ్వలేదు.

ఆ చోటు సముద్రంలో ఉంది. మాది వంశధార సముద్రంలో కలిసే మొగకి కాస్త ఉత్తరాన, చేపల వేట మీద బతికే ఊరు. ఊరికి ఎదురుగా, ఒడ్డు ఇంకా కంటికి ఆనుతూ ఉండగానే, నీటి అడుగున ఒక రాతిదిబ్బ ఉంది. పెద్దదేం కాదు, నాలుగిళ్ళు పట్టేంత. చుట్టూ ఇసకా బురదా కాబట్టి చేపలన్నీ ఆ రాళ్ళనే పట్టుకుని ఉంటాయి. మా తాతకి ఎప్పుడో గేలం ఇరుక్కుని దొరికిందట, అందుకని మా ఇంట్లో దాన్ని తాతరాయి అంటాం. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్ళు అక్కడా అదే రంగు, పక్కనా అదే రంగు. దాన్ని పట్టుకోవాలంటే వెనక్కి తిరిగి ఒడ్డువైపు చూడాలి. దూరంగా ఉన్న కొండ దగ్గరగా ఉన్న గుడి మీద సరిగ్గా కూర్చునేదాకా పడవ జరుపుకోవాలి. అది ఒక గురుతు. ఇంకోపక్క ఇంకో రెండు వస్తువులు అలాగే కలవాలి. అది రెండో గురుతు. రెండూ ఒకేసారి కలిసినచోట పడవ కింద రాయి ఉంటుంది.

గురుతు చుక్కాని పట్టేవాడికి మాత్రమే చెబుతారు. అదీ ఒడ్డు మీద చెప్పరు. పడవలో, రెండూ కళ్ళముందు కలిసిన నిమిషంలో, "సూడు" అంటారు, అంతే. పెళ్ళానికి చెప్పరు, వియ్యంకుడికి చెప్పరు, ఇంట్లో తలుపు వేసుకుని కూడా చెప్పరు. నాకు పదేళ్ళప్పుడు ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న నాన్నని అడిగాను, తాతరాయి ఎక్కడుందో చూపించమని. నాన్న తల ఎత్తలేదు.

"అంతా నీళ్ళే గదరా, ఏటి సూపించమంటావు?" అన్నాడు.

పక్కనే మా అన్నయ్య. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఆ వారమే మొదటిసారి చుక్కాని పట్టాడు. నన్ను చూసి నవ్వాడు చూడండి, ఆ నవ్వు ఇప్పటికీ నా కడుపులో అలాగే ఉంది. ఆ ఏడే నన్ను కోటబొమ్మాళి హాస్టల్లో పడేశారు. చదువుకుంటాడు గదా, వీడికెందుకు సముద్రం అన్నారు. నేను చదివాను. ఫస్టుక్లాసులో చదివాను. సెలవులకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళిద్దరూ పడవ దిగి, తడిబట్టలతో, ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండానే ఏదో పంచుకున్నట్టు నడిచొచ్చేవాళ్ళు. నేను గట్టున పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఒక్క గురుతు మాత్రం నాకు తెలుసు. కుర్రతనంలో అన్నయ్య గొప్పకి పోయి ఒకసారి నోరు జారాడు. "ఎద్దుమూపు అమ్మోరి నెత్తినెక్కాల" అన్నాడు. ఎద్దుమూపు మా ఊరి వెనకున్న కొండ, అమ్మోరు ఊరి ముందు గుడి. రెండో గురుతు ఎంత గింజుకున్నా దొరకలేదు. నాన్న పోయాడు. అది అన్నయ్య ఒక్కడి దగ్గరే మిగిలింది.

తరువాత ఎన్నో ఏళ్ళకి, బడులు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు చెప్పమన్నప్పుడు లాప్‌టాప్ కొన్నాను. పాఠం కోసం ఏదో వెతుకుతుంటే శాటిలైట్ మ్యాప్ తగిలింది. భూగోళం తెరమీద తిరుగుతోంది. మౌస్ చక్రం తిప్పితే దగ్గరికొస్తోంది. మా బడి కప్పు కనబడింది, నీళ్ళ ట్యాంకు కనబడింది, బడి వెనక ఎండేసిన ధాన్యం పసుప్పచ్చగా కనబడింది. ఇరవై ఏళ్ళు గుడ్డ పటం మీద కర్ర పెట్టి చెప్పినవన్నీ నిజంగా ఉన్నాయని ఆరోజు నమ్మాను. నిజం చెబుతున్నాను, అంతకుముందు నాకే పూర్తిగా నమ్మకం లేదు.

ఇక ఆదివారం వస్తే లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాణ్ణి, వెంట మా అమ్మాయి. మా ఊళ్ళో అన్నయ్య ఇంటి అరుగు మీద పెట్టేసరికి పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. సహారా ఎడారిలో కన్నులా గుండ్రంగా ఉండే రాతి వలయాలు చూపించాను. ఇసక మధ్య నీళ్ళ గొట్టం చుట్టూ తిరుగుతూ తడిపితే పెరిగిన గుండ్రటి పచ్చటి పొలాలు చూపిస్తే మా వదిన "ఓలమ్మో, అప్పడాలెండేసినట్టున్నాయి" అంది. బొలీవియాలో ఉప్పు మైదానం చూసి అంత ఉప్పు ఎవులు తింటారని ఒక ముసలమ్మ అడిగింది. నేను చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ అరుగు మీద ఆ రెండు గంటలూ నేను రాజుని. అన్నయ్య దూరంగా కూర్చుని గేలాలకి దారం చుట్టుకునేవాడు. ఇటు చూసేవాడు కాదు. చూడకపోవడమే నాకు కావలసింది.

ఒక ఆదివారం చూశాడు.

ఎక్కడో ఆస్ట్రేలియా తీరం. తెల్లటి ఇసక, నీలం నీళ్ళు. ఇలాంటి బీచిలో స్నానం చేస్తే ఎంత బాగుంటుందో అన్నాను. వెనకనుంచి గొంతు వినబడింది.

"అక్కడ దిగితే శవం కూడా దొరకదు."

తిరిగి చూస్తే అన్నయ్య. దారం చేతిలోనే ఉంది. వంగి తెర మీద వేలు పెట్టాడు.

"ఈ తెల్లగీత సూడు. అల ఇరగతన్నాది. ఇటేపూ ఇరగతన్నాది. మద్దిన నల్లటి సందు సూసినావా? బాగున్నాది గదాని అందులో దిగుతారు ఎర్రిమొకాలు. నీరు ఎనక్కి ఎల్లిపోయే దారి అది. మనిసిని పట్టుకుపోతాది."

అందరూ ఆయనవైపు తిరిగారు. మా అమ్మాయి కూడా తిరిగింది. దానికి పద్నాలుగేళ్ళు. సహారా కన్ను మీద దానికి నేను గంటన్నర పాఠం చెప్పాను, అప్పుడు ఆవులించింది. ఇప్పుడు కళ్ళు ఇంతింత చేసుకుని "పెదనాన్నా, మరి ఇదేంటి? ఈ ఇసక ఎందుకిలా వంకర తిరిగింది?" అని లాప్‌టాప్ నా ఒళ్ళోంచి లాక్కుని ఆయన ముందు పెట్టింది. ఆయన తాపీగా చెప్పాడు, ఆ మొగ దగ్గర ఇసక ఏవైపు నడుస్తోందో, ఏ కాలంలో ఆ ఫొటో తీసి ఉంటారో. ఎప్పుడూ చూడని సముద్రం గురించి! నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేని సంగతులు, తప్పుపట్టడానికి కూడా వీల్లేదు. రాజాం వెళ్ళి రాత్రి నెట్లో వెతికాను, ఒక్కటైనా తప్పయితే బాగుండునని. ఆ నల్లటి సందుల గురించి ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. నాకు అన్నం సయించలేదు.

అప్పటినుంచి ఆదివారాలు ఆయనవి. మౌస్ నా చేతిలో, మాట ఆయనది. డ్రైవరునైపోయాను. మా అమ్మాయి బస్సులో వస్తూ కూడా "పెదనాన్నకి ఇవాళ ఆ దీవులు చూపిద్దాం నాన్నా" అనేది. చూపిద్దాంలే అనేవాణ్ణి పళ్ళు బిగించి.

అదే సమయంలో అన్నయ్యకి వేట సరిగా లేదని వదిన అంటుండేది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఖాళీ బుట్టలతో వస్తున్నాడని. సముద్రంలో చేప తగ్గిపోయిందని ఊళ్ళో అందరూ అనేమాటే కాబట్టి నేను చెవిన పెట్టలేదు. పైగా, నిజం ఒప్పుకుంటే, కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఒకరోజు అరల్ సముద్రం చూపిస్తున్నాను. అది ఎండిపోయిన సముద్రం. ఆ మ్యాపులో పాత సంవత్సరాల ఫొటోలు కూడా ఉంటాయి. ఒక గీతని వెనక్కి లాగితే పాత చిత్రం వస్తుంది. లాగుతూ పోతుంటే ఎండిన నేల మీదికి నీళ్ళు తిరిగొచ్చాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. దగ్గాడు. బీడీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మనూరు కూడా అలగ ఎనక్కి తిప్పగలవేటి?"

తిప్పాను. మా తీరం వచ్చింది.

"తుఫాను ముందుకి."

కొన్నేళ్ళ కిందట పెద్ద తుఫాను మా ఊరి మీంచే ఒడ్డెక్కింది. ఇళ్ళ కప్పులు, జీడితోటలు, కొబ్బరితోటలు ఏవీ మిగలలేదు. దానికి ముందు ఏడాది చిత్రం తెచ్చి పెట్టాను. అన్నయ్య వేలు మా ఊరిని దాటి దక్షిణంగా ఇసకదిబ్బల మీదికి పోయింది. అక్కడ ఆగింది. వేలు కింద చిన్న చుక్కలు రెండు, ఒకదాని వెనక ఒకటి, పొడుగాటి నీడలతో. నాకు గుర్తొచ్చింది, అక్కడ జంట తాటిచెట్లు ఉండేవి. చిన్నప్పుడు ముంజెలకి వెళ్ళేవాళ్ళం. ఆ వేలు అక్కడే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. రెండు చెట్లు. సముద్రంలోంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే చెట్టయ్యే చోటు. రెండో గురుతు అదీ. నలభై ఏళ్ళు నేను వెతికింది అదీ. ఇంకోటి కూడా అర్థమైంది. తుఫానుకి ఆ చెట్లు పడిపోయాయి. దుంగలు ఎవరో పట్టుకుపోయారు, దిబ్బలు జరిగిపోయాయి. మా అన్నయ్య తాతరాయిని పారేసుకున్నాడు.

ఈ రోజుల్లో ప్రతి పడవలోనూ జీపీఎస్ పెట్టె ఉంది, ఒక మీట నొక్కితే చోటు గుర్తుపెట్టుకుంటుంది. ఆయన పడవలోనూ ఉంది. కానీ పడవలోకి నలుగురు ఎక్కుతారు, దిగుతారు, రేపు వేరేవాడి పడవలో పోతారు. పెట్టెలో పెడితే ఎవడో ఒకడు చూస్తాడని ఆయన తాతరాయిని అందులో ఎక్కించలేదు. నాన్నకిచ్చిన మాట. మొదటి గురుతు మిగిలే ఉంది గదా, కొండా గుడీ ఎక్కడికీ పోలేదు గదా అంటారేమో. ఆ వరస పట్టుకుని, అడుగున ఏముందో తెలియడానికి తాడుకి కట్టిన గుండు దించుకుంటూ అటూ ఇటూ తిరిగితే మిగతా పడవలు పసిగట్టేస్తాయి. అందుకని ఎవరూ లేనప్పుడు దొంగలా వెతుక్కుని, దొరక్క తిరిగొచ్చేవాడు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. వదినకి కూడా.

"దీన్నింకా దగ్గరికి తెస్తావేటి?" అన్నాడు. తల వంచుకునే అన్నాడు. "ఈ సీజనుకి దొరక్కపోతే ఈరావల్ ఎల్లిపోతాను తమ్ముడా. అక్కడి బోట్లకి మనుసులు కావాలంట."

వీరావల్ అంటే గుజరాత్. మా వాళ్ళు కూలికి పోయే చోటు. కొడుకుల వయసు కుర్రాళ్ళ పక్కన వల లాగాలి. చుక్కాని ఇంకొకడి చేతిలో ఉంటుంది. యాభై అయిదేళ్ళ మనిషికి.

నేనేం చేశానో తెలుసా? లాప్‌టాప్ టప్పున మూసేశాను. "చార్జింగ్ అయిపోయింది" అన్నాను.

రాజాం బస్సులో నా ఒళ్ళు తేలిపోయింది. ఇంటికెళ్ళగానే గది తలుపేసుకుని కూర్చున్నాను. ఎద్దుమూపు కొండ మీద ఒక చుక్క, అమ్మోరి గుడి మీద ఒక చుక్క, రెంటినీ కలిపి సముద్రంలోకి గీత. తాటిచెట్ల మీద రెండు చుక్కలు, సముద్రంలోకి ఇంకో గీత. గీతలు కలిసినచోట ఎర్ర గుర్తు పెట్టాను. అక్కడ ఏమీ లేదు, ఒట్టి నీలం. అయినా దాన్ని చూస్తూ కూర్చున్నాను. సహారా కన్ను, ఉప్పు మైదానం, అగ్నిపర్వతాలు, ఏవీ నాకు అంత అందంగా కనబడలేదు. మర్నాడు చూశాను. ఆ మర్నాడూ చూశాను. క్లాసులో పిల్లలు పరీక్ష రాస్తుంటే ఫోన్లో తీసి చూశాను. మూడు వారాలు ఊరెళ్ళలేదు. ఆదివారాలు జ్వరమనీ, పేపర్లు దిద్దాలనీ చెప్పాను. ఇప్పుడు నీ దగ్గర లేనిది నా దగ్గరుంది, నవ్వు చూద్దాం అని మనసులో అనుకునేవాణ్ణి.

మూడో వారం చివర వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, మీ అన్నియ్య టికెట్టు తీసేసినాడు. బేస్తారం రైలంట. నువ్వైనా సెప్పు బాబూ, నీ మాటంటే ఇంటాడు."

నా మాట వింటాడట! ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చిన ఆలోచన రాస్తున్నాను, దాచను. పోనీలే, పోతే రాయి నాదవుతుంది అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నాకే భయమేసింది. నాది అయితే నేనేం చేస్తాను? నాకు పడవ నడపడం రాదు. ఈత కూడా అంతంతమాత్రమే. ఒక సోషల్ మాస్టరు ఫోన్లో ఎర్ర గుర్తు చూసుకుని మురిసిపోతుంటే, ఆ రాయి మీద పుట్టిపెరిగిన మనిషి రైలెక్కి వేరేవాళ్ళ వల లాగడానికి పోతున్నాడు. ఛీ అనిపించింది. అప్పటికప్పుడు సెలవుచీటీ రాసి పడేసి బస్సెక్కాను.

అన్నయ్య ఒడ్డున పడవ దగ్గరే ఉన్నాడు.

"నాకు రెండో గురుతు తెలిసిపోయింది" అన్నాను.

ఆయన గబుక్కున అటూ ఇటూ చూశాడు. "ఒడ్డు మీద మాటాడకు. ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. ఇంజను గొట్టం నీళ్ళలోకి దించి అలలు దాటించాడు. నేను ఫోన్ తీసి పట్టుకున్నాను. తెర మీద నీలం చుక్క మేము, ఎర్ర గుర్తు రాయి. ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం ముందుకి అని చెబుతున్నాను. జన్మలో మొదటిసారి మా అన్నయ్యకి సముద్రంలో నేను దారి చెబుతున్నాను. నీలం చుక్క ఎర్ర గుర్తు మీదికి ఎక్కింది. "ఇక్కడే!" అని అరిచాను. తాడుకి కట్టిన సీసపు గుండు దించాడు. తాడు మెత్తగా ఆగింది. పైకి లాగితే గుండుకి ఇసక. కాస్త జరిపి మళ్ళీ దించాడు. ఇసకే. ఎనిమిదోసారీ ఇసకే. పడవ ఊగుతోంది, నేను అంచు పట్టుకుని పొద్దున తిన్నదంతా కక్కేశాను.

ఆయన నవ్వలేదు. అదే ఇంకా మంటగా ఉంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు.

"కొండ మీద ఎక్కడెట్టినావు సుక్క?"

"నడిమధ్య."

"అదిగో. కొండ ఇందులో ఒట్టి మరకలాగున్నాది, ఎత్తు నేదు. మనకి కనబడే మూపు నడిమద్దిన నేదురా, సముద్రమేపు ముందరికుంటాది." చెయ్యెత్తి చూపించాడు. నిజమే, అక్కణ్ణుంచి చూస్తే కొండకి ముందువైపు భుజమే శిఖరంలా ఉంది. "మరి సెట్లవి?"

చెట్ల కొనలు మసగ్గా ఉంటే నీడల మీద పెట్టాను చుక్కలు. ఆయన కనిపెట్టేశాడు.

"కొండా గుడీ నాకు కళ్ళతోనే కనబడతాయి. నీ గీతలొద్దు. ఆ సెట్ల మొదళ్ళు ఎక్కడుండేవో ఒడ్డు మీద సూపించు సాలు."

ఆ సాయంత్రం ఎండ దిగాక దిబ్బల మీదికి వెళ్ళాం. పాత చిత్రంలో చెట్లకి దగ్గర్లో ఒక పాడుబడ్డ నుయ్యి ఉంది. దాని గట్టు ఇప్పటికీ ఇసకలోంచి పైకి కనబడుతోంది. నుయ్యి నుంచి మొదటి చెట్టుకి ఎంత దూరమో ఫోన్లో కొలిచి అడుగులు వేశాను. ఈసారి నీడ మీద కాదు, నీడ మొదలయ్యే చోట వేలు పెట్టాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో తవ్వాం. మోచేతిలోతు పోయాక అన్నయ్య చెయ్యి ఆగింది. పీచులు పీచులుగా తాటి మొదలు, కుళ్ళిపోయి, వేళ్ళు మాత్రం గట్టిగా.

"ఇక్కడా!" అన్నాడు. "నేను అటేపు ఎతుకుతన్నాను ఇన్నాళ్ళూ."

రెండోది చీకటి పడకముందే దొరికింది. రెండు మొదళ్ళ మీదా రెండు పొడుగాటి వెదుళ్ళు పాతాం. ఊరికే వెదుళ్ళు పాతితే ఎవడైనా అడుగుతాడు. అందుకని చిరిగిన వల ఒకటి తెచ్చి రెంటి మధ్యా వేలాడేశాడు. వల ఎండేసుకుంటున్నాడనుకుంటారు. ఆ తెలివికి కూడా నాకు కుళ్ళు పుట్టింది.

దిబ్బ దిగుతుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "నాకిది మూడు వారాల కిందటే తెలుసు."

"తెల్సు."

"ఎలా?"

"ఆరోజు సార్జింగు అయిపోనేదు. పక్కన దీపం ఎలుగుతన్నాది." నాలుగడుగులు నడిచాడు. "నేనైనా సెప్పుదునేటి? సెప్పను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లవారుజామునే సముద్రంలో ఉన్నాం. మేమిద్దరమే. ఈసారి ఫోన్ జేబులో పెట్టుకోమన్నాడు. వెలుతురు వచ్చాక ఎద్దుమూపు నెమ్మదిగా జరుగుతూ వచ్చి అమ్మోరి గుడి మీద కూర్చుంది. అన్నయ్య ఇంజను తగ్గించి, ఆ వరస తప్పకుండా పడవని లోపలికి పోనిచ్చాడు. దక్షిణాన దిబ్బ మీద వెదుళ్ళు రెండూ సన్నగా, ఎడంగా కనబడుతున్నాయి. ఎడం తగ్గుతోంది. ఇంకా తగ్గింది. వేలు సందు. గోరు సందు. తరువాత అక్కడ ఒకటే వెదురు ఉంది.

అన్నయ్య నావైపు తిరిగాడు. "సూడు" అన్నాడు.

నాన్న నాకు చెప్పని మాట. గుండు దించాడు. తాడు పట్టుకోమని నా చేతికిచ్చాడు. కింద టక్కుమని తగిలింది, అరచేతిలోకి, భుజంలోకి. ఇసక కాదు. నేను పెద్దగా ఏడ్చేశాను. ఆయన పట్టించుకోకుండా గేలాలు విడిచాడు. మొదటి చేప ఎర్రగా, నా చేతంత పొడుగు, పడవలో పడి ఎగిరెగిరి కొట్టుకుంది. ఎండెక్కేసరికి కాళ్ళు పెట్టడానికి చోటు లేదు.

ఒడ్డుకొస్తూ ఒక్కటే అన్నాడు. "ఫోనులోది తీసేయి." తప్పు చోటైనా సరే, ఎర్ర గుర్తు చెరిపేశాను. రైలు టికెట్టు ఏమైందో నేనడగలేదు. గురువారం నాడు ఆయన సముద్రంలో ఉన్నాడని వదిన చెప్పింది.

ఇంతటితో నా కుళ్ళు తీరిపోయిందనే అనుకున్నాను.

రెండు వారాల తరువాత రాజాంలో మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుంది. దానికిప్పుడు నా సాయం అక్కర్లేదు, ప్రపంచమంతా అదే తిరిగేస్తుంది. గ్రీన్లాండ్ మంచు మీంచి ఒక్క ఊపులో మన తీరానికి వచ్చి ఆగింది. వంశధార మొగ, మా ఊరు, ఎదురుగా నీలం.

"నాన్నా, పెదనాన్న ఆ చేపలన్నీ ఎక్కడ పట్టాడు? చోటు చూపించు."

"అంతా నీళ్ళే కదమ్మా, ఏం చూపించమంటావు?"

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి అదే వచ్చేసింది. తల కూడా ఎత్తలేదు నేను. ఎత్తేసరికి అది నన్నే చూస్తోంది. అబద్ధమాడుతున్నానని దానికి తెలుసు. ఎవరో ఏదో పంచుకుని తనని బయట నిలబెట్టారని తెలుసు. లాప్‌టాప్ మూసి లోపలికి పోయింది. ఆ మొహం నాకు కొత్త కాదు. గట్టున పుస్తకం పట్టుకుని నిలబడిన మొహం అది.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఆదివారం పడవలో ఇంకొకరికి చోటుందా?"

"ఎవులు?"

"మా అమ్మాయి."

"ఆడగుంటని పడవెక్కిస్తావేటిరా? ఊరేటంటాది?"

"నీ పడవ. నీ ఇష్టం."

అవతల అలల చప్పుడు. పెట్టేశాడేమో అనుకున్నాను.

"జడ గట్టిగా ముడేసుకు రమ్మను" అన్నాడు చివరికి. "గాలికెగిరితే గేలాలకి సిక్కుకుంటాది."

సరే అన్నాను. వంటగదిలోంచి అమ్మాయి గిన్నెలు కోపంగా పడేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకా దానికేమీ తెలియదు. ఆదివారం పొద్దున్న ఎద్దుమూపు వచ్చి అమ్మోరి నెత్తినెక్కుతుంది, వెదుళ్ళు రెండూ ఒకటవుతాయి, ఆయన దానివైపు తిరిగి "సూడు" అంటాడు. పద్నాలుగేళ్ళకే. అడిగిన వారం లోపలే. నాకు నలభై ఏళ్ళు పట్టింది. నా కూతురే, నేనే అడిగి ఇప్పిస్తున్నాను, అయినా కడుపులో ఆ పాత మంట మళ్ళీ రాజుకుంది.